ఆవకాయకు ఉప్పు కోత

వైశాఖమాసము ప్రవేశించినది మొదలు ఆంధ్ర తెలంగాణ దేశముల యందలి ఇండ్ల పెరళ్ళలోను, నేడు పెరళ్ళు లేని అపార్ట్‌మెంట్ల మేడలమీదను, మామిడికాయ ముక్కలు కొట్టు చప్పుడు వినవచ్చుట ఎంత సహజమో, అట్లు శ్రమించి పెట్టిన ఆవకాయ ఆషాఢము దాటక మునుపే పైని తెల్లని పొర కట్టి, ముక్క మెత్తనై, ఇరుగుపొరుగులకు తెలియకుండ చెత్తబుట్టకు చేరుటయు ఈ కాలమున ఇంచుమించు అంతే సహజమగుచున్నది. కారణమేమని అడిగినచో కాయ ముదరలేదని కొందఱు, నూనె కల్తీదని కొందఱు చెప్పుదురు. ఏమియు తోచనివారు పెట్టినవారి హస్తవాసి మంచిది కాదని తీర్పు చెప్పి ఊరకుందురు. హస్తవాసి మీదికి నెట్టుట సులభము, ఏలయన అది బదులు చెప్పుకొనజాలదు. నాకు తోచినంతవఱకు నేటి ఆవకాయలకు పట్టిన తెగులు వేఱొకటి: రక్తపోటునకు వెఱచి ఉప్పును, కొవ్వునకు వెఱచి నూనెను మనము జాడీలోనే కోసివేయుచున్నాము. ఉప్పు తగ్గింపుడని వైద్యుడు చెప్పినది మన విస్తరిని ఉద్దేశించి. మనము ఆ మాటను జాడీకి అన్వయించుకొంటిమి.

పొయ్యి ఎఱుగని నిలువపచ్చళ్ళు మనకు పెక్కు గలవు. ఆవకాయ, మాగాయ, తొక్కుడుపచ్చడి, కార్తీకమున దంచుకొను ఉసిరికాయ తొక్కు, తన రసములోనే తాను ఊరు నిమ్మకాయ, ఏండ్ల తరబడి నిలుచు చింతకాయ తొక్కు, పండుమిరపకాయల కొరివికారము మున్నగువానిలో కాయ ఎన్నడును ఉడకదు. తాలింపు పెట్టినను వేడి సోకునది నూనెకే గాని కాయకు గాదు. ఉడకని పదార్థము, అందును నిండుగ నీరు గల పచ్చికాయ, మన వేసవిని, దాని వెన్నంటి వచ్చు వానకాలపు చెమ్మను తట్టుకొని మరుసటి ఉగాది వఱకు చెడకుండ నిలుచుట సామాన్య విషయము గాదు. దానికి కాపలా కాయువి నాలుగు: కాయలోని పులుపు, మనము పోయు ఉప్పు, ఆవపిండి, నూనె. ఈ నలుగురు కావలివారును సమానులు కారనియు, ఒకరు సెలవు పుచ్చుకొన్నచో తక్కినవారు ఆ పని చేయజాలరనియు గ్రహింపక పోవుటయే మన పొరపాట్లన్నిటికిని మూలము.

మొదటి స్థానము నిస్సంశయముగా పులుపుది. ఆమ్లత్వమును పీహెచ్ అను మానముతో కొలుతురు. ఆ సంఖ్య తగ్గినకొలది పులుపు హెచ్చు. ఆహారమును విషతుల్యము చేయు సూక్ష్మజీవులలో అతి భయంకరమైన క్లోస్ట్రిడియం బొటులినమ్ అనునది పీహెచ్ 4.6 కంటె తక్కువైన చోట పెరిగి విషము పుట్టింపజాలదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. పచ్చిమామిడి, నిమ్మ, చింత, ఉసిరి ఈ నాలుగును ఆ హద్దునకు చాల క్రిందనే యుండును. మన పూర్వులకు పీహెచ్ తెలియదు; కాని కాయను కొఱికి, పండ్లు పులిసిపోయినగాని దానిని ఆవకాయకు ఎంచుకొనకపోవుట వారికి తెలియును. కొత్తపల్లి కొబ్బరి మేలా, జలాలు మేలా, చిన్నరసము మేలా అని గోదావరి కృష్ణా మండలముల వారు ఎంత వాదించుకొన్నను, ముక్క గట్టిగ నుండవలెను, టెంక ముదరవలెను, పులుపు జివ్వుమనవలెను అనుచోట వారికి భేదాభిప్రాయము లేదు. పండుముఖము పట్టిన కాయను, తినుటకు తీయగా నున్నదను మాటపై, ఆవకాయలో కలుపుట రుచికి మాత్రమే సంబంధించిన విషయము గాదు. కాయ పండినకొలది పులుపు తగ్గును, తగ్గినకొలది కాపలా సడలును. దేశాంతరములందు స్థిరపడిన మనవారికి దొరకు కాయ పులుపు చాలనిదైనచో నిమ్మరసము చేర్చుకొనుట వివేకము. పీహెచ్ తెలుపు కాగితపు ముక్కలు నేడు ప్రయోగశాల సరకులు అమ్ము దుకాణములలో స్వల్పమైన వెలకే దొరకును. నూనె పోయుటకు ముందు ఊటలో ముంచి చూచినచో సందేహమే యుండదు.

ఇక ఉప్పు. ముక్కలకు ఉప్పు పట్టించిన మూడవనాటికి జాడీ అడుగున ఊట చేరుట ప్రతి యింటను చూచునదే. ఉప్పు కాయలోని నీటిని బయటికి ఈడ్చి, ఆ నీటితో తాను కలిసి, సూక్ష్మజీవులకు త్రాగరాని ద్రవముగా దానిని మార్చును. కిలో మామిడి ముక్కలలో సుమారు 800 గ్రాముల నీరుండును. దానికి 150 గ్రాముల ఉప్పు చేర్చినచో ఆ ఊట యందు ఉప్పు దాదాపు 16 శాతమగును. సగము కోసి 75 గ్రాములే వేసినచో అది 9 శాతమునకు లోబడును. చూచుటకు ఉప్పు సగమే తగ్గినది గదా యని తోచును; కాని ఆ రెండు అంకెల నడుమనే బూజులకు, పులియబెట్టు క్రిములకు గల ద్వారము తెఱచుకొనును. ఉప్పునీటిలో నిలువచేసి అమ్ము పచ్చళ్ళలో ఉప్పు 12 శాతమునకు తగ్గరాదని మన దేశపు ఆహార భద్రతా ప్రమాణములు విధించినవి. అమ్మకపు సరకునకు విధించిన ఈ నియమము ఇంటి జాడీకి వర్తింపదని ఎవరైన అనుకొన్నచో, సూక్ష్మజీవులు అమ్మకమునకును అనుభవమునకును గల భేదము నెఱుగవని మాత్రమే చెప్పవలసియున్నది.

ఇచ్చట ఒక చిక్కు గలదు. దీనిని గూర్చి వంటలు చెప్పువారు పెదవి విప్పకుండుట నాకు వింతగా నుండును. మన పూర్వపు లెక్క అంతయు కొలతలది: సోలెడు ఆవపిండి, సోలెడు కారము, సోలెడు ఉప్పు. కొందఱు ఉప్పు సోలను కొంచెము వెలితిగా పోయుదురు, కొందఱు తలగొట్టి పోయుదురు. మొత్తము మీద మూడును సమమని వాడుక. ఈ సమత్వము గిన్నెలోనిదే గాని త్రాసులోనిది కాదు. ఒకే సోలతో కొలిచిన ఉప్పు, అదే సోలెడు కారము కంటె రెండింతలకు పైగా బరువు తూగును. పట్టణములలో సోలలు, గిద్దెలు మాయమై వంటింటి త్రాసులు వచ్చిన తరువాత, సమమను మాట నిలిచి కొలత మాఱినది; కారము 200 గ్రాములు, ఆవపిండి 200 గ్రాములు, ఉప్పును 200 గ్రాములే తూచి, అమ్మమ్మ చెప్పిన లెక్క తప్పలేదని మనము తృప్తిపడుచున్నాము. నిజమునకు అమ్మమ్మ జాడీలోని ఉప్పులో సగమునకు పైగా ఈ జాడీలో లేదు. దీనికి వ్యతిరేకమైన పొరపాటును గలదు: ఎండబెట్టి దంచిన కల్లుప్పు సోలలో కొంత బోలుగా నుండును, ప్యాకెట్టు మెత్తనుప్పు గట్టిగా కూరుకొనును, కనుక కల్లుప్పు లెక్కతో మెత్తనుప్పు కొలిచినవారి పచ్చడి నోట పెట్టరానంత ఉప్పగును. అట్లు ఒక సంవత్సరము చేదు అనుభవము పొందినవారు మఱుసటి యేడు చేయి వెనుకకు లాగి, రెండవ వైపున పడుదురు. ఈ గందరగోళమునకు మందు ఒక్కటే: కిలో ముక్కలకు ఇన్ని గ్రాముల ఉప్పు అని తూకముతో నిర్ణయించుకొని, సోలలను ముచ్చటకు దాచుకొనుట.

ఆవపిండిని గూర్చి హెచ్చుగా చెప్పనక్కఱలేదు. ఆవగింజ నలిగి తడి తగిలినప్పుడు పుట్టు ఘాటైన నూనెకు సూక్ష్మజీవులను అణచు గుణము గలదు. ఆ ఘాటును పుట్టించు ద్రవ్యము వేడికి నశించును గనుకనే ఆవాలను వేయింపక ఎండలో పెట్టి దంచుట ఆచారమైనది. అయినను ఆవ తోడు మాత్రమే. దాని మీదనే భారము వేయదగదు.

నూనె విషయమున మన నమ్మకము మితిమీరినది. ముక్కలు మునిగినంత నూనె యున్నచో పచ్చడికి ఢోకా లేదను మాట ఇంటింటను వినబడును. పప్పునూనె యైనను, పల్లినూనె యైనను, అది చేయు పని గాలిని అడ్డుట. గాలి అందనిచో బూజు పెరగదు, అంతవఱకు మేలే. కాని పైన చెప్పిన బొటులినమ్ అను జీవి గాలి లేని చోటనే వర్ధిల్లును. పులుపు గల మామిడి మీద నూనె పోసినచో అది కవచము. పులుపు లేని వెల్లుల్లి మీద, కారెట్టు మీద నూనె పోసి బల్లపై నుంచినచో అదే నూనె ఆ విషజీవికి కట్టి యిచ్చిన యిల్లు. 1985లో కెనడా దేశమందలి వాంకూవర్ నగరమున ఒక భోజనశాలలో, నూనెలో నిలువచేసిన తరిగిన వెల్లుల్లిని ఫ్రిజ్జులో గాక బయట ఉంచి వాడగా 36 మంది బొటులిజము పాలయిరి. 1989లో న్యూయార్క్ రాష్ట్రమున అట్టిదే మఱియొకటి జరుగగా, అమ్మకమునకు వచ్చు నూనెవెల్లుల్లికి ఆమ్లము తప్పక చేర్చవలెనని అమెరికా ప్రభుత్వము శాసించినది. తెలంగాణమున ఆవకాయకు అల్లము వెల్లుల్లి ముద్ద దండిగా పట్టింతురు. దానివలన భయపడవలసిన పని లేదు, ఏలయన మామిడి పులుపు ఆ ముద్దలోనికి ఇంకిపోవును. భయపడవలసినది, ఆ ముద్దనే వేఱుగా నూఱి, పైన నూనె తేల్చి, వారముల తరబడి పొయ్యి ప్రక్కన ఉంచుకొను నేటి అలవాటునకు. దానిని ఫ్రిజ్జులో నుంచి కొలది దినములలో వాడి ముగింపవలెను. లేదా గడ్డకట్టించి దాచుకొనవలెను.

ఇదే న్యాయము కూరగాయల పచ్చళ్ళకును చెల్లును. ఆవకాయ పెట్టు పద్ధతి అన్ని కాయలకును పనికివచ్చునని యెంచి కాలీఫ్లవరుకు, కారెట్టుకు, వంకాయకు ఆవపిండి కారము పట్టించి నిలువకు పెట్టువారు హెచ్చుచున్నారు. ఈ కాయలకు సొంత పులుపు లేదు; వాని పీహెచ్ సాధారణముగా 5కు పైన నుండును. మన పెద్దలు దోసకాయతో ఆవ పెట్టిరి గాని దోసావకాయను నాలుగునాళ్ళ ముచ్చటగానే భావించిరి, ఏటికొకమారు పెట్టు పచ్చళ్ళ పంక్తిలో దానిని కూర్చుండనీయలేదు. పండుమిరపకాయకు పులుపు లేదు గనుక దానిలో చింతపండు దట్టించి దంచిరి. ఏ కాయకు తోడు కావలెనో, ఏ కాయకు అక్కఱలేదో అను ఈ వివేచనము పుస్తకములు లేకుండ తరతరములుగ సంక్రమించినది. నేడు ఒక నిమిషపు వీడియోలో ద్రవ్యముల పట్టిక మాత్రము మిగిలి, ఆ వివేచనము జాఱిపోయినది. కూరగాయలను నిలువచేయ కోరువారు నిమ్మరసమునో, వెనిగరునో ముక్క లోపలి వఱకు ఇంకునంత పోయవలెను. లేనిచో ఫ్రిజ్జులో నుంచి వారము దినములలో ముగింపవలెను.

వండని పచ్చడి కంటె వండిన పచ్చడి క్షేమమని వాదించు విద్యావంతులు కలరు. వారి మాట సగమే సత్యము. మఱగించుటవలన సామాన్యమైన సూక్ష్మజీవులు చచ్చును. కాని బొటులినమ్ బీజములు నీరు మఱుగు వేడికి లొంగవు, వానిని నశింపజేయుటకు ప్రెషర్ కుక్కర్ వంటి పాత్రలో 121 డిగ్రీల వేడి కావలెను. పులుపు లేని పదార్థమును బాణలిలో వేయించి, మూతపెట్టి, బయట ఉంచినచో పోటీదారులందఱును చచ్చిన నేలలో ఆ బీజములు స్వేచ్ఛగా మొలకెత్తును. అందుచేతనే ఇండ్లలో పెట్టి అమ్ము మాంసపు పచ్చళ్ళను, రొయ్యల పచ్చళ్ళను, ఎంత వేయించినవైనను, నేను ఆవకాయతో సమముగా నమ్మజాలను. చక్కగా పులుపు, ఉప్పు పడిన పచ్చి ఆవకాయయే వానికంటె నిర్భయముగా తినదగినది.

తడిని గూర్చి మన పెద్దలు పాటించిన కట్టుబాట్లను శాస్త్రము సంపూర్ణముగా సమర్థించును. కాయలను కడిగి, తుడిచి, ఆరనిచ్చి, ముక్క కొట్టి, జీడిని, టెంకనంటిన పొరను తీసి, మరల పొడిబట్టతో తుడుచుట. జాడీని ఎండలో కాచుట. పొడిగరిటె తప్ప ముంచకుండుట. వాసెన కట్టుట మున్నగునవన్నియు ఊట పలుచబడకుండుటకును, బయటి క్రిమి చొరకుండుటకును ఏర్పడినవే. కాని ఈ శుచిత్వమునకు మడి యను ముసుగు వేసి, బహిష్టయిన స్త్రీ ముట్టినచో పచ్చడి బూజు పట్టునని, ఫలానా కులమువారి నీడ పడరాదని పలికిన పలుకులకు ఏ ఆధారమును లేదు. బూజునకు కావలసినది చెమ్మ, గాలి. ముట్టిన మనిషి ఎవరో దానికి అక్కఱలేదు. ఆరని చేతితో జాడీలో చేయి పెట్టు ఇంటి పెద్దవలన పచ్చడి చెడునే గాని, పొడిచేతితో తీసిన కోడలివలన చెడదు. ఆచారములోని గింజను ఉంచుకొని పొట్టును విడుచుట ఇంకను మనకు పూర్తిగా చేతగాలేదు.

పాత్రల విషయము క్లుప్తముగా చెప్పెదను. పులుపు, ఉప్పు కలిసినచో ఇత్తడిని, రాగిని, అల్యూమినియమును తినివేయును, ఆ లోహము పచ్చడిలో చేరును. స్టీలు డబ్బాలలో సైతము నెలల తరబడి ఉంచుట మంచిది గాదు. గాజుసీసా గాని, మెఱుగు పగలని పింగాణీ జాడీ గాని తగినవి. మూడవనాటి తిరగగలుపు మానరాదు. పైముక్కలకు ఉప్పు, ఊట సమముగా పట్టుట అప్పుడే జరుగును. కలిపిన వెంటనే జాడీని ఫ్రిజ్జులోనికి త్రోయుట జాగ్రత్త యని కొందఱు భావింతురు. పులుపు క్రిములను చంపు పని వెచ్చదనమున వేగముగను చలిలో మందముగను సాగును గనుక, ఉప్పు పూర్తిగా వేసిన ఆవకాయను ఆ తొలినాళ్ళు బయట నుంచుటయే మేలు.

బూజు పట్టిన పచ్చడి పైపొరను గరిటెతో తీసివేసి, క్రిందిది తినుట చాల ఇండ్లలో వాడుక. పొదుపు మంచిదే గాని, ఇచ్చట అది ప్రమాదకరము. బూజు కంటికి కనబడునంత మేర మాత్రమే వ్యాపింపదు. అంతకంటె ముఖ్యముగా, కొన్ని బూజులు పచ్చడిలోని పులుపునే ఆహారముగా తినివేయును. పులుపు తగ్గినకొలది పీహెచ్ పెరుగును, పీహెచ్ 4.6 దాటినచో మొదటి కావలివాడు పోయినట్లే. బుడగలు లేచి, మూత ఉబ్బి, వాసన మాఱిన పచ్చడిని రుచి చూచి నిర్ణయింపరాదు. బొటులినమ్ విషమునకు ప్రత్యేకమైన రుచి గాని వాసన గాని ఉండనక్కఱలేదు. తిన్న ఒకటి రెండు దినములలో ఒక్క వస్తువే రెండుగా కనబడినను, కనుఱెప్పలు వాలినను, మింగుట కష్టమైనను, అజీర్ణమని వాము నమలుచు కూర్చుండక తక్షణమే ఆసుపత్రికి పోయి, ఏ పచ్చడి తిన్నదియు వైద్యునికి చెప్పవలెను. ఇట్టివి అరుదు, కాని ఆలస్యమైనచో ఊపిరి తీయు కండరములే చచ్చుబడును.

ఇంత చెప్పినను ఆరోగ్యవాదుల అభ్యంతరము మిగిలియేయున్నది, అది త్రోసివేయదగినది కాదు. దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, హైదరాబాదు నందలి జాతీయ పోషకాహార సంస్థయు చెప్పుచున్నవి. కిలో ముక్కలకు 150 గ్రాముల ఉప్పు, ఆవపిండి, కారము, తగినంత నూనె వేసి పెట్టిన ఆవకాయలో 30 గ్రాములు విస్తరిలో వేసికొన్నచో రెండున్నర గ్రాముల ఉప్పు, అనగా ఆనాటి వంతులో సగము, పచ్చడి రూపముననే లోపలికి పోవును. ముద్దముద్దకును ముక్క నంజుకొనువారి సంగతి చెప్పనేల! ఈ లెక్క చూచి ఉప్పు తగ్గింపదలచినవారు తగ్గింపవలసిన చోటు విస్తరి: పెరుగన్నములోనికి చిన్న ముక్క ఒకటి చాలును. రక్తపోటు గలవారు వైద్యుడు వలదన్నచో పూర్తిగా మానవలెను. ఉప్పు తక్కువైన ఆవకాయయే కావలెననువారు రెండు కాయలతో కొంచెము కలుపుకొని, ఫ్రిజ్జులో నుంచి, వారము పదినాళ్ళలో తిని ముగింపవచ్చును. దానిని నిలువపచ్చడి యని పిలిచి జాడీకెత్తి బంధువులకు పంపుట మాత్రము కూడదు.

ప్రతి వేసవిలోను పత్రికల వంటల పుటలలో, యూట్యూబు చానళ్ళలో ఆవకాయ విధానములు కుప్పలుగా వచ్చును. కారము ఏ రంగునో, నూనె ఏ గానుగదో విస్తరించి చెప్పు ఆ రచయితలు ఉప్పు దగ్గరకు వచ్చునప్పటికి ‘రుచికి సరిపడ’ అని చేతులు దులుపుకొందురు. వండుకొని ఆ పూటకు తిను కూరకు ఆ మాట చెల్లును, యేడాది నిలువ ఉండవలసిన పచ్చి పచ్చడికి చెల్లదు. కనుక వంటలు వ్రాయువారికిని, వానిని ప్రచురించు సంపాదకులకును నా విన్నపము ఇది: ఈ యేటి నుండి ప్రతి నిలువపచ్చడి విధానములోను కిలో ముక్కలకు ఎన్ని గ్రాముల ఉప్పో అంకెలతో వ్రాయుడు, ఆ కాయకు సొంత పులుపు గలదో లేదో దాని ప్రక్కనే తెలుపుడు, పులుపు లేని కాయకు ఏది ఎంత చేర్చవలెనో చెప్పలేనిచో ఆ విధానమును అచ్చువేయకుడు.